పళ్ళెంలో పైన్ చెట్టు

జపాను సముద్ర తీరాన పెరిగే నల్ల పైన్ చెట్టు 30 మీటర్ల ఎత్తు దాకా పోతుంది. అంటే పదంతస్తుల మేడంత అన్నమాట. అదే నల్ల పైన్‌ను జపానులోనే కొందరి పెరట్లో ఒక బల్ల మీద కూడా చూడవచ్చు. అక్కడ దాని ఎత్తు 60 సెంటీమీటర్లు! పెచ్చులు పెచ్చులుగా విడిన ముదురు బెరడు, నేలను గట్టిగా పట్టుకున్న వేళ్ళు, పక్కలకు చాచిన కొమ్మలు, కొమ్మల నిండా పచ్చటి సూదులు - అన్నీ పెద్ద చెట్టుకు ఉన్నట్టే ఉంటాయి. ఎత్తు మాత్రం మీ మోకాలి కన్న కాస్త పైకి. అది నిలబడి ఉన్న కుండీ లోతు మీ అరచేతి వెడల్పుకు మించదు.

ఇలా పెంచిన చెట్టునే బోన్సాయి అంటారు. చూసిన వారికి వెంటనే కలిగే సందేహం ఒకటే. అంత పెద్ద చెట్టు ఇంత చిన్నగా ఎలా ఉండిపోయింది?

మీరేమంటారు? చాలామంది రెండు జవాబుల్లో ఏదో ఒకటి చెబుతారు. అది పుట్టుకతోనే పొట్టి జాతి అయి ఉంటుందన్నది మొదటిది. తిండీ నీళ్ళూ సరిగా పెట్టకుండా దాన్ని మాడ్చి ఉంటారన్నది రెండవది.

రెండూ సరికావు. బోన్సాయికి వాడే గింజ, అడవిలో రాలే గింజ ఒకటే. బల్ల మీది ఆ చెట్టును తీసి నేలలో నాటి వదిలేస్తే మళ్ళీ పెద్ద చెట్టు కావడానికి బయలుదేరుతుంది. పొట్టితనం దాని వారసత్వంలో లేదు. ఇక మాడ్చడం సంగతి. మాడిన చెట్టును కోస్తే అది చిగురించదు, చచ్చిపోతుంది. బోన్సాయి పెంచేవారికి కావలసింది కోసిన ప్రతిసారీ చిగురించగల బలమైన చెట్టు. అందుకే దానికి వసంతంలోనూ శరత్తులోనూ ఎరువు వేస్తారు. ఆ ఎరువు ఏమిటో తెలుసా? ఆవ జాతి గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క! మన రైతులు వేరుశనగ చెక్క వాడినట్టే.

మరి రహస్యం ఎక్కడుంది? చెట్టు ఎక్కడ పెరుగుతుందో, ఎప్పుడు పెరుగుతుందో తెలుసుకుని, సరిగ్గా ఆ చోట, ఆ సమయంలో చేయి పెట్టడంలో ఉంది. అదెలాగో చూద్దాం.

పేరు, పుట్టుక

జపాను భాషలో 'బోన్' అంటే పళ్ళెం వంటి పాత్ర. 'సాయి' అంటే నాటడం. రెండూ కలిసి బోన్సాయి అయింది. అయితే ఈ విద్య పుట్టినిల్లు చైనా. క్రీ.శ. 706లో నిర్మించిన ఒక చైనా రాకుమారుని సమాధి గోడల మీద, పాత్రలో నాటిన చిన్న మొక్కలను మోసుకుపోతున్న పరిచారకుల చిత్రాలున్నాయి. అక్కడి నుంచి ఈ కళ జపాను చేరింది. 1309 నాటి ఒక జపాను చిత్రపటంలో కూడా పళ్ళేల్లో పెంచిన మరుగుజ్జు చెట్లు కనిపిస్తాయి.

జపానులో ఎన్నో రకాల చెట్లను బోన్సాయిలుగా పెంచుతారు. అన్నిటిలోనూ పైన్‌కు పెద్దపీట. అందులోనూ నల్ల పైన్ ముఖ్యం. దీని శాస్త్రీయ నామం పైనస్ థన్‌బర్జియై. 1775లో జపాను చేరి అక్కడి మొక్కలను పరిశీలించిన స్వీడన్ వైద్యుడు థన్‌బర్గ్ గౌరవార్థం ఈ పేరు పెట్టారు. ఈయన ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడు.

సూదులను లెక్కపెట్టండి

మన కోస్తా జిల్లాల్లో ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు తోటలు చూసినవారు "మాకు పైన్ తెలుసు" అనవచ్చు. పొరబాటే! సరుగుడుకు వేలాడే సన్నని పచ్చటి పుల్లలు ఆకులు కావు, రెమ్మలు. ఒక పుల్ల తీసి పట్టుకుని లాగితే కణుపు దగ్గర ఊడివస్తుంది. ఆ కణుపు చుట్టూ భూతద్దంతో చూస్తే చిన్న చిన్న పొలుసులు కనిపిస్తాయి. అవీ దాని ఆకులు. సరుగుడు పూలు పూసే మొక్కల వర్గానికి చెందింది. పైన్ అలా కాదు. అది వివృతబీజ వృక్షం. దాని సూదులు నిజమైన ఆకులే.

ఈ సూదులు విడివిడిగా పుట్టవు. కట్టలుగా పుడతాయి. నల్ల పైన్‌లో కట్టకు 2 సూదులు. హిమాలయాల్లో పెరిగే చీర్ పైన్‌లో 3. జపాను తెల్ల పైన్‌లో 5. లెక్కపెట్టి చెట్టును గుర్తుపట్టవచ్చన్నమాట.

ఒక్కొక్క సూదుల కట్ట నిజానికి ఒక కురచ కొమ్మ. అది పొడవు పెరగకుండా ఆగిపోయిన కొమ్మ. ఆ రెండు సూదుల మధ్య, వాటి మొదట్లో, కంటికి ఆనని పెరుగుదల బిందువు ఒకటి నిద్రపోతూ ఉంటుంది. మామూలుగా అది నిద్రలోనే ఉండి, రెండు మూడేళ్ళకు సూదులతోపాటు రాలిపోతుంది. కాని పైనున్న కొనను తొలగిస్తే అది మేలుకొని కొత్త మొగ్గ కాగలదు.

ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి. పైన్ పెంపకంలో మొదటి సూత్రం దీని నుంచే వచ్చింది. పచ్చ సూది లేని చోటికి కొమ్మను కోయరాదు. వేపకొమ్మనో చింతకొమ్మనో మొదలంటా నరికినా ముదురు బెరడులోంచి చిగుళ్ళు పొడుచుకు వస్తాయి. పైన్‌కు అలా రావడం చాలా అరుదు. సూదులన్నీ పోయేటట్టు కోస్తే సాధారణంగా ఆ కొమ్మ ఎండిపోతుంది. మళ్ళీ దాన్ని తెప్పించడం ఎవరి తరమూ కాదు.

గింజ నుంచి మాను దాకా

నల్ల పైన్ గింజలను నీళ్ళలో వేసి, తేలినవాటిని పారేసి, మునిగినవాటిని వసంతంలో విత్తుతారు. మొలక వచ్చాక చూడండి - ఏకదళ బీజాలు, ద్విదళ బీజాలు అని మీరు చదువుకున్న లెక్క ఇక్కడ తప్పుతుంది. పైన్ మొలకకు బీజదళాలు అనేకం ఉంటాయి. గొడుగు ఊచల్లా చుట్టూ పరుచుకుంటాయి.

కొన్ని వారాలు గడిచాక పెంపకందారు ఒక సాహసం చేస్తాడు. పదునైన బ్లేడుతో లేత కాండాన్ని వేరుకు పైన అడ్డంగా కోసేస్తాడు. వేరు లేని ఆ మొలకను వేళ్ళు పుట్టించే హార్మోను పొడిలో అద్ది, శుభ్రమైన ఇసుకలో గుచ్చుతాడు. కొన్ని చచ్చిపోతాయి. బతికినవాటికి కోసిన అంచు చుట్టూ కొత్త వేళ్ళు వస్తాయి. ఇంత అవస్థ ఎందుకంటారా? గింజ నుంచి వచ్చిన తల్లివేరు నిట్టనిలువునా కిందికి దిగుతుంది. పళ్ళెం వంటి కుండీకి అది పనికిరాదు. చుట్టూ సమంగా పరుచుకున్న వేళ్ళయితే లోతు తక్కువైనా చెట్టు నిలబడుతుంది. చూడడానికి ముసలి చెట్టు పాదంలా కూడా ఉంటుంది.

ఇక మాను లావెక్కాలి. చిన్న కుండీలో పెట్టి ఎన్నేళ్ళు కూర్చున్నా పైన్ మొక్క పెన్సిలు లావు దాటడం కష్టం. కాబట్టి ఇక్కడ వింత పద్ధతి ఒకటి ఉంది. చెట్టును చిన్నగా చేయడానికి ముందు దాన్ని పెద్దగా పెరగనిస్తారు! నేలలోనో పెద్ద తొట్టిలోనో నాటి, ఒక కొమ్మను ఏ ఆటంకమూ లేకుండా మనిషెత్తు దాటి పోనిస్తారు. ఆ కొమ్మ మీది వేలాది సూదులు కిరణజన్య సంయోగక్రియ జరిపి తయారుచేసిన ఆహారం మాను గుండా వేళ్ళకు దిగుతుంది. దారిలో బెరడు కింద ఉన్న విభాజ్య కణజాలం దాన్ని వాడుకుని ఏటేటా కొత్త దారువు పొరను వేస్తుంది. మాను లావెక్కుతుంది. ఈలోగా అడుగున ఉన్న చిన్న కొమ్మలను మాత్రం అదుపులో ఉంచుతారు. అనుకున్న లావు రాగానే ఆ పొడుగాటి కొమ్మను కోసి పారేస్తారు. దానికి 'త్యాగపు కొమ్మ' అని పేరు. ఈ పనికే పది పదిహేనేళ్ళు పట్టవచ్చు.

కొన తుంచితే ఏమవుతుంది?

మీ అమ్మగారో నాయనమ్మగారో తులసి కొనలు తుంచడం మీరు చూసే ఉంటారు. తుంచిన తరువాత తులసి గుబురుగా పెరుగుతుంది. కొన పోతే పక్క మొగ్గలు ఎందుకు మేలుకుంటాయి?

మొక్క కొనలో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి ప్రవహిస్తుంది. 1933లో థిమన్, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు చిక్కుడు జాతి మొక్కల కొనలను కోసి చూశారు. పక్క మొగ్గలు పెరిగాయి. తరువాత కోసిన చోట ఆక్సిన్ ఉంచి చూశారు. కొన లేకపోయినా, ఉన్నట్టే మొగ్గలు నిద్రలో ఉండిపోయాయి. కొన పెత్తనానికి ఆక్సినే కారణమని దీన్నిబట్టి తేల్చారు. ఈ పెత్తనానికే అగ్రాధిక్యత అని పేరు.

కథ అక్కడితో ముగియలేదు. 2014లో బఠాణీ మొక్కల మీద జరిపిన పరిశోధనలో మరొక సంగతి బయటపడింది. కొన కోయగానే, అక్కడికి పోతున్న చక్కెర పక్క మొగ్గల వైపు మళ్ళుతుంది. ఆక్సిన్ తగ్గడం కన్నా ముందే చక్కెర చేరి మొగ్గలను లేపుతుంది. అంటే కొన పెత్తనం రెండు విధాలది. ఆజ్ఞ ఇచ్చే హార్మోనూ దానిదే, తిండిలో పెద్ద వాటా కూడా దానిదే.

పైన్‌లో ఈ పెత్తనం మరీ ఎక్కువ. వదిలేస్తే పై కొనలు బలిసి, కింది కొమ్మలు నీరసించి, చివరికి ఎండిపోతాయి. పెద్ద అడవిలో చెట్టుకు అది లాభమే. ఎండకోసం పైకి పరుగెత్తాలి కదా! కాని కుండీలో ఒకసారి పోయిన కింది కొమ్మ మళ్ళీ రాదు. అందుచేత బోన్సాయి పెంచేవారి రోజువారీ పనిలో చాలా భాగం, బలమున్న చోట కాస్త తగ్గించి, లేని చోట మిగల్చడమే. శరత్కాలంలో చెట్టు పైభాగాన ఉన్న పాత సూదులను ఎక్కువగా లాగేస్తారు. కింది కొమ్మలకు సూదులను ఎక్కువగా ఉంచుతారు. ఎక్కువ సూదులంటే ఎక్కువ ఆహారం. ఇలా రెండు మూడేళ్ళు చేస్తే పైకొమ్మకూ కిందికొమ్మకూ బలం సమమవుతుంది.

కొవ్వొత్తుల కిటుకు

ఇంకో చిక్కుంది. మాను చిన్నదైనా సూదులు చిన్నవి కావు కదా! నల్ల పైన్ సూది మామూలుగా 7 నుంచి 12 సెంటీమీటర్లుంటుంది. అరమీటరు చెట్టుకు అంత సూదులుంటే చీపురులా కనిపిస్తుంది. వాటిని కత్తెరతో కత్తిరిస్తే కొనలు గోధుమరంగుకు తిరిగి అసహ్యంగా ఉంటాయి. మరేం చేయాలి?

వసంతంలో పైన్ మొగ్గలు తెల్లటి కడ్డీల్లా నిటారుగా లేస్తాయి. అచ్చం కొవ్వొత్తుల్లా ఉంటాయి కాబట్టి వాటిని కొవ్వొత్తులనే పిలుస్తారు. వాటి నుంచే ఆ ఏటి సూదులు విచ్చుకుంటాయి. జూన్ చివర, జూలై మొదట్లో, సూదులు విచ్చుకున్న ఆ కొత్త రెమ్మలను మొదలంటా కోసేస్తారు. అంత ఎరువు వేసి పెంచిన ఆ ఏటి పంటనంతా పారేయడమే! చెట్టు ఊరుకోదు. కొన్ని వారాల్లో కోసిన చోట కొత్త మొగ్గలు వేస్తుంది. కాని అప్పటికి ఎండాకాలం సగం గడిచిపోయింది. పైన్ సూది మన వెంట్రుకలాగే మొదట్లో పెరుగుతూ పైకి నెట్టుకొస్తుంది. చలి రాగానే ఆ పెరుగుదల ఆగిపోతుంది. కాబట్టి రెండో విడత సూదులకు పొడవు సాగడానికి వ్యవధి చాలదు. రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరే నిలిచిపోతాయి. ఒక కొమ్మ ఉన్న చోట రెండు కొమ్మలు కూడా వస్తాయి.

చూశారా! సూదిని పొట్టి చేసింది కత్తెర కాదు, క్యాలెండరు.

అయితే దీనికి హద్దులున్నాయి. ఒక ఏడాదిలో రెండో విడత వేయగల నల్ల పైన్, ఎర్ర పైన్‌లకే ఇది చేయవచ్చు. తెల్ల పైన్ ఏడాదికి ఒకే విడత వేస్తుంది. దాని రెమ్మలన్నీ కోస్తే చెట్టుకే ముప్పు. నల్ల పైన్ అయినా జబ్బుపడి ఉన్నప్పుడూ, కొత్తగా కుండీ మార్చిన ఏడాదీ దాని జోలికి పోరాదు. అదను తెలియకుండా పుస్తకంలో చదివి ఒకే పద్ధతిని అన్నిటికీ వాడినవారు చెట్లను పోగొట్టుకుంటారు.

తీగ చెప్పిన మాట

కొమ్మలు కావలసిన వైపుకు తిరగాలంటే రాగి తీగగాని అల్యూమినియం తీగగాని చుట్టి నెమ్మదిగా వంచుతారు. తీగ లావు కొమ్మ లావులో సుమారు మూడోవంతు. స్ప్రింగులా ఏటవాలుగా, మరీ బిగువుగా కాకుండా చుట్టాలి. చలికాలంలో చెట్టు పెరుగుదల నెమ్మదించి ఉంటుంది కాబట్టి ఎక్కువగా అప్పుడే చేస్తారు.

వంచిన కొమ్మ తీగ తీయగానే వెనక్కి పోదా? ఆ రోజే తీస్తే తప్పకుండా పోతుంది. పైన్ జాతి చెట్లు కొమ్మ వంగగానే దాని అడుగు భాగాన లిగ్నిన్ ఎక్కువగా ఉన్న ప్రత్యేకమైన దారువును వేసి, కొమ్మను పైకి ఎత్తాలని చూస్తాయి. కొండవాలున వంగిన పైన్ మళ్ళీ నిటారుగా లేచేది ఇలాగే. తీగ ఆ ఒత్తిడిని ఆపుతుంది. నెలల తరబడి కొత్త దారువు పొరలు వంపులోనే పడుతూపోగా, ఆ పొరలే కొమ్మను కొత్త ఆకారంలో నిలబెడతాయి. అప్పుడు తీగ తీసినా వంపు పోదు. కొమ్మ లావవుతూ ఉంటుంది కాబట్టి, తీగ బెరడులోకి దిగకముందే దాన్ని ముక్కలుగా కత్తిరించి తీయాలి. అశ్రద్ధ చేస్తే ఆ మచ్చ ఏళ్ళ తరబడి కనిపిస్తుంది.

వేళ్ళు, మట్టి, నీళ్ళు

కుండీ చెట్టుకు ఏళ్ళు గడిచేకొద్దీ వేళ్ళు గోడల వెంట చుట్టుకుని, గాలికీ నీటికీ సందు లేకుండా చేస్తాయి. అందువల్ల లేత చెట్టును రెండు మూడేళ్ళకూ, ముదురు చెట్టును నాలుగైదేళ్ళకూ ఒకసారి, వసంతం మొదట్లో, కుండీ నుంచి తీస్తారు. వెదురు పుల్లతో వేళ్ళను విడదీసి, పొడుగువాటిని కోసి, కొత్త మట్టిలో మళ్ళీ నాటుతారు. కోసిన చోట సన్నని పీచువేళ్ళు పుడతాయి. నీటినీ లవణాలనూ పీల్చేవి అవే.

ఈ పని చేసేటప్పుడు వేళ్ళ మధ్య తెల్లని బూజు కనిపిస్తుంది. తెలియనివారు తెగులు అనుకుని కడిగేస్తారు. అది శత్రువు కాదు, స్నేహితుడు. మైకోరైజా అనే శిలీంధ్రం అది. వేళ్ళు పోలేని సందుల్లోకి పోయి నీటినీ భాస్వరాన్నీ తెచ్చి చెట్టుకు ఇస్తుంది. బదులుగా చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. అందుకే పైన్ వేళ్ళను పూర్తిగా కడగరు. పాత మట్టిలో కొంత అలాగే ఉంచుతారు.

మట్టి అన్నామే గాని అది మన తోటమట్టి కాదు. జల్లెడ పట్టి, పిండి వంటి దుమ్మును తీసేసిన గుళికలు. జపానులో అగ్నిపర్వత బూడిద నుంచి ఏర్పడిన 'అకదామా' అనే మట్టి గుళికలనూ, గరుకు ఇసుకనూ కలిపి వాడతారు. మెత్తటి సారవంతమైన మట్టి వాడితే ఏం? దీనికి జవాబు మీరే కనుక్కోవచ్చు.

ఒక స్పాంజిముక్కను నీటిలో ముంచి, పళ్ళెంలో పెట్టినట్టు అడ్డంగా పట్టుకోండి. కారవలసిన నీళ్ళు కారి ఆగిపోయేదాకా ఉండండి. ఇప్పుడు అదే స్పాంజిని నిలువుగా తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారతాయి! స్పాంజి మారలేదు, ఎత్తు మాత్రం మారింది. సన్నని రంధ్రాలున్న దేనిలోనైనా అడుగున కొంత ఎత్తు మేర నీరు కేశనాళికా బలం వల్ల కారకుండా నిలిచిపోతుంది. ఆ ఎత్తు మట్టి రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది గాని కుండీ లోతును బట్టి కాదు. లోతైన కుండీలో ఆ తడి పొర అడుగున ఎక్కడో ఉంటుంది. 5 సెంటీమీటర్ల కుండీలోనైతే అదే పొర వేళ్ళన్నిటినీ ముంచుతుంది. గాలి అందక వేళ్ళు కుళ్ళిపోతాయి. రేణువులు పెద్దవైతే పొర పలచబడుతుంది. లోతు తక్కువ కుండీకి గరుకు మట్టి అందుకే.

గరుకు మట్టి తొందరగా ఆరిపోతుంది కూడా. వేసవిలో రోజుకు ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు నీళ్ళు పోయవలసి వస్తుంది. నీళ్ళు పోయడం నేర్చుకోవడానికే మూడేళ్ళు పడుతుందని జపాను తోటమాలుల్లో ఒక నానుడి ఉంది. అది ఊరికే అన్నమాట కాదు. తులసి నీళ్ళకు మొహం వాస్తే తల వాల్చి మనకు చెబుతుంది. పైన్ చెప్పదు. వేళ్ళు ఎండి చచ్చిపోయిన తరువాత కూడా దాని సూదులు కొన్ని వారాల దాకా పచ్చగానే ఉంటాయి. రంగు మారే నాటికి చేయగలిగిందేమీ ఉండదు.

ఇది హింస కాదా?

కోయడం, వంచడం, వేళ్ళు కత్తిరించడం - ఇదంతా చెట్టును బాధపెట్టడమేనని కొందరు అంటారు. మంచి ప్రశ్నే. చెట్టుకు మనలాంటి నాడీమండలం లేదు. గాలికి కొమ్మలు విరగడం, పశువులు కొనలు మేయడం అడవిలో నిత్యం జరిగేవే. వాటిని తట్టుకునే ఏర్పాట్లు చెట్టులోనే ఉన్నాయి. బోన్సాయి పెంచేవారు వాడుకునేది ఆ ఏర్పాట్లనే. తగిన పోషణలో ఉన్న కుండీ పైన్ వందల ఏళ్ళు బతుకుతుందంటే, అది మాడిపోతున్న చెట్టు కాదని తెలుస్తూనే ఉంది.

అసలు అన్యాయం వేరే చోట ఉంది. నేలలో ఉన్న చెట్టు నీటికోసం తన వేళ్ళను దూరంగా పంపుకోగలదు. కుండీలో ఉన్నదానికి ఆ దారిని మనం మూసేశాం. ఇక దాని నీరు మన చేతిలో ఉంది. చెట్టును కుండీలోకి తెచ్చినవారు ఆ బాధ్యతను కూడా తెచ్చుకున్నట్టే. సెలవులకు ఊరెళుతూ దాన్ని మరచిపోవడం, కత్తెర వేయడం కన్నా చాలా పెద్ద తప్పు.

చేతులు మారే చెట్టు

మనిషి ఆయుష్షు కన్న చెట్టు ఆయుష్షు పెద్దది. అందుచేత పాత బోన్సాయికి ఎప్పుడూ ఒక్కరే యజమాని ఉండరు.

1923 సెప్టెంబరు 1న వచ్చిన పెద్ద భూకంపంలో టోక్యో నగరం చాలా భాగం నాశనమైంది. అక్కడి బోన్సాయి పెంపకందారులు కొందరు తమ చెట్లతో నగరానికి ఉత్తరాన ఉన్న ఒమియాకు తరలివెళ్ళి, 1925లో ఒక పల్లె కట్టుకున్నారు. ఆ పల్లెలో ఇల్లు కావాలంటే కొన్ని నియమాలుండేవి. కనీసం పది బోన్సాయిలుండాలి. చూడవచ్చిన వారికి తలుపు తెరిచి ఉంచాలి. రెండంతస్తుల ఇల్లు కట్టరాదు. గోడలకు బదులు మొక్కల కంచె వేయాలి. ఆ పల్లె ఇప్పటికీ ఉంది. 2010లో దాని సమీపంలో ఒక బోన్సాయి ప్రదర్శనశాలను కూడా తెరిచారు.

ఇంతకన్నా ఆశ్చర్యకరమైనది ఒక తెల్ల పైన్ కథ. 1625 నుంచి కుండీలో పెరుగుతున్న ఆ చెట్టు, తరాలు దాటి హిరోషిమా నగరంలోని యమాకి కుటుంబం చేతికి వచ్చింది. 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు ఆ నగరం మీద అణుబాంబు పడింది. బాంబు పేలిన చోటికి యమాకి వారి ఇల్లు సుమారు 3 కిలోమీటర్ల దూరం. ఇంటి అద్దాలు పగిలి ఇంట్లోవారికి గుచ్చుకున్నాయి. బయట తోటలో ఎత్తయిన గోడ చాటున ఉన్న చెట్టు మాత్రం బతికింది.

1976లో అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్ళు నిండిన సందర్భంలో జపాను ఆ దేశానికి 53 బోన్సాయిలను కానుకగా పంపింది. ఆ 53లో ఈ చెట్టు ఒకటి. దాన్ని ఇచ్చిన మసారు యమాకి బాంబు సంగతి ప్రస్తావించలేదు. వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షవాటికలో పాతికేళ్ళపాటు సిబ్బంది దానికి రోజూ నీళ్ళు పోశారు. వారికి దాని వయసు తెలుసు గాని ఆ కథ తెలియదు. 2001లో యమాకి మనుమలు ఇద్దరు తాతగారి చెట్టును చూడడానికి వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడింది. ఏ దేశం బాంబు వేసిందో ఆ దేశపు తోటమాలులే ఆ చెట్టును బతికిస్తున్నారు. 2025తో అది కుండీలో 400 ఏళ్ళు పూర్తిచేసుకుంది. ఒక్క వేసవిలో కొద్ది రోజులు ఎవరైనా నీళ్ళు మరచిపోయి ఉంటే ఆ లెక్క అక్కడితో ఆగిపోయేది. 400 ఏళ్ళలో ఏ ఒక్కరూ మరచిపోలేదు.

మీరే చేసి చూడండి

నల్ల పైన్‌కు చలికాలపు విశ్రాంతి కావాలి. మన మైదానాల వేడి దానికి సరిపడదు. కాబట్టి పైన్ గింజలకోసం వెతకనక్కరలేదు. గోడ పగుళ్ళలో మొలిచిన రావి, మర్రి, ఇంటి ముందు రాలిన చింతగింజ - ఇవి మన ఎండలకు అలవాటు పడినవి. బోన్సాయిగా చక్కగా వస్తాయి. సరుగుడును కూడా అలా పెంచేవారున్నారు. అయితే ముందు ఈ చిన్న ప్రయోగం చేయండి.

ఒకే పరిమాణం గల రెండు కుండీల్లో ఒకే రోజున చిక్కుడు గింజలు నాటండి. రెండిటికీ ఎండ, నీళ్ళు సమంగా అందాలి. మొక్కలకు నాలుగైదు ఆకులు రాగానే ఒకదాని కొనను గోటితో తుంచండి. రెండవదాన్ని ముట్టుకోవద్దు. ఆ రోజు నుంచి రెండు వారాలపాటు రోజూ రెండిటి ఎత్తునూ, ఆకుల మొదట్లో వచ్చిన పక్క కొమ్మల సంఖ్యనూ ఒక పట్టికలో రాయండి. ఎన్నో రోజున మొదటి పక్క మొగ్గ మేలుకున్నదో ప్రత్యేకంగా గుర్తుపెట్టండి. పైమొగ్గలు ముందు లేచాయా, కిందివి ముందు లేచాయా?

ఆ పట్టిక నిండాక చింత మొక్క మీద చేయి వేయవచ్చు. కత్తెర పట్టుకునే ముందు మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి. వచ్చే వేసవిలో దీనికి రోజూ నీళ్ళు పోసేదెవరు?